నావిగేషన్‌లో ఒకసారి తప్పాక

తోటి అభ్యర్థులకు నమస్కారం. మాది హనుమకొండ. ఇంటర్ ఎంపీసీ తెలుగు మీడియంలో చదివాను. కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పెట్టే రాత పరీక్షలన్నీ పాసయ్యాను. 200 గంటల ఫ్లయింగ్ ఇంకా ముందుంది కాబట్టి పరీక్షల సంగతే చెబుతాను.

పుస్తకాలకంటే ముందు క్లాస్ 2 మెడికల్ (పైలట్లకు చేసే వైద్య పరీక్ష) చేయించుకోండి. కోచింగ్‌కు డబ్బు కట్టాక కంటి లోపం బయటపడితే ఇంటిల్లిపాదీ కుంగిపోతారు. పరీక్ష రాయడానికి కావలసిన కంప్యూటర్ నంబరుకు కూడా ముందే దరఖాస్తు పెట్టండి.

ప్రతి పేపర్లోనూ 70 శాతం రావాలి. ఎయిర్ నావిగేషన్‌లో నాకు మొదటిసారి 64 వచ్చాయి. కోచింగ్‌లో ఇచ్చిన పాత బిట్లన్నీ బట్టీ పట్టాను. పరీక్షలో అంకెలు మారేసరికి చేయి కదలలేదు. ఆ రాత్రి నాన్న ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

తర్వాత పద్ధతి మార్చాను. మ్యాపు మీద మామునూరు నుంచి బేగంపేటకు పెన్సిల్‌తో గీత గీశాను. మామునూరు నిజాం కాలపు విమానాశ్రయం, 1981లో మూతపడింది. అక్కడి నుంచి నేనే బయలుదేరినట్టు ఊహించుకున్నాను. దూరం సుమారు 70 నాటికల్ మైళ్లు. 30 మైళ్లు వెళ్లేసరికి గాలికి 4 మైళ్లు ఎడమకు జరిగాననుకుందాం. 60 మైళ్లకు ఒక మైలు తప్పితే ఒక డిగ్రీ తేడా అన్నది సూత్రం. ఆ లెక్కన నా తేడా 8 డిగ్రీలు. అక్కడే 8 డిగ్రీలు తిప్పితే పాత గీతకు సమాంతరంగా పోతానే తప్ప బేగంపేట చేరను. మిగిలిన 40 మైళ్లలో ఆ 4 మైళ్లు పూడ్చడానికి మరో 6 కావాలి. మొత్తం 14 డిగ్రీలు కుడికి. పరీక్షలో నేను 8 దగ్గరే ఆగిపోయేవాణ్ని. గీత గీశాక మళ్లీ ఆ తప్పు చేయలేదు.

మెటియొరాలజీని, అంటే వాతావరణ శాస్త్రం పేపర్‌ను, నాకు అర్థం చేయించింది ఎనుమాముల మార్కెట్. ఏప్రిల్‌లో నాన్నతో మిర్చి అమ్మడానికి వెళ్లాను. మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఎండ. ఉన్నట్టుండి చల్లటి గాలి, దుమ్ము. చినుకు పడకముందే రైతులు టార్పాలిన్లు పట్టుకుని రాశుల మీదికి పరుగెత్తారు. క్యుములోనింబస్ మేఘంలో, అంటే ఉరుములతో వచ్చే పెద్ద వాన మేఘంలో, వాన పడుతూ గాలిని కిందికి లాగుతుంది. కొన్ని చినుకులు దారిలోనే ఆవిరై ఆ గాలిని చల్లబరుస్తాయి. బరువెక్కిన గాలి నేలను తాకి వానకంటే ముందే నలువైపులా పరుచుకుంటుంది. దిగుతున్న విమానానికి మొదట ఎదురుగాలి, తర్వాత కిందికి నెట్టే గాలి, ఆ వెంటనే వెనుకగాలి తగిలి వేగం పడిపోతుంది. మైక్రోబర్స్ట్ ప్రమాదం అంతా ఇదే. పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కని పేజీ ఆ రోజు ఎక్కింది.

రెగ్యులేషన్స్‌కు మాత్రం బట్టీ తప్పదు, రోజూ కొంచెం చదవండి. టెక్నికల్‌ను ఇంటర్ ఫిజిక్స్ కాపాడుతుంది. ఇంగ్లిష్ ప్రశ్నలు అర్థం కాకపోతే ప్రతి పాఠాన్ని ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. విమానంలో ఎత్తు చూపే మీటరును సముద్రమట్టానికి సరిచేసే క్యూఎన్‌హెచ్, విమానాశ్రయం నేలకు సరిచేసే క్యూఎఫ్‌ఈ తేడా మా చెల్లికి చెబుతూనే నాకు స్పష్టమైంది.

రెండోసారి నావిగేషన్‌లో 81 వచ్చాయి. జూన్‌లో ఫ్లయింగ్‌కు వెళ్తున్నాను. ఆలోపు హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఎవరికైనా నా మ్యాపు, తప్పులు రాసుకున్న నోటుపుస్తకం కావాలంటే సంతోషంగా ఇస్తాను.