మీ ఊళ్లో మునిగిపోయిన వీధి పేరేమిటి?

పోయిన గురువారం టీ తాగుతుండగా ఒకావిడ నన్నొక ప్రశ్న అడిగింది. జవాబు రాలేదు నాకు. అప్పట్నించీ పని చేసుకుంటున్నా, వంట చేసుకుంటున్నా అదే గుర్తొస్తోంది, అందుకే రాస్తున్నాను.

నేను ఇంగ్లండ్‌లో, నారిచ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో పని చేస్తాను. తీరం పాత మ్యాపులు తీసుకుని, ఏ సంవత్సరం ఒడ్డు ఎక్కడుందో కంప్యూటర్లో గీతలుగా గీయడం నా పని. ఆవిడది సోషల్ సైన్స్. నేను గీసే ఊళ్లకే వెళ్లి, ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు రికార్డు చేసుకొస్తుంది. నేనేదో తెలివిగా, "కథలు వినడానికి బాగానే ఉంటాయండీ, కానీ చివరికి ఎన్ని మీటర్లు కోసుకుపోయిందన్నదే కదా లెక్క" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "మీదీ సముద్రం పక్క ఊరే అన్నారుగా, నీళ్లలోకి పోయిన వీధుల పేర్లేమిటి?" అంది.

మాది ఉప్పాడ. తుఫాను వచ్చిన ప్రతిసారీ కాకినాడ బీచ్ రోడ్డు విరిగిపోవడం, రాళ్లు పోయడం, మళ్లీ విరగడం చూస్తూ పెరిగాను. ఒక తుఫానుకి మా గుంట మగ్గం గోతిలోకి ఉప్పునీరు ఊరింది. నాన్న బిందెతో తోడి పోస్తుంటే, మామ్మ మాత్రం సగం నేసిన జాందానీ చీర తడవకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చూపించగలను. వీధి పేరు మాత్రం చెప్పలేకపోయాను. మామ్మకి తెలుసు. నేనెప్పుడూ అడగలేదు.

మన దగ్గర మార్కులొస్తే ఎంపీసీ, లేకపోతే ఆర్ట్స్, అది అందరికీ తెలిసిందే. నేనూ ఆ చూపుతోనే ఇక్కడికొచ్చాను. ఈ యూనివర్సిటీ పెట్టింది 1963లో. 1972లో మొదలైన క్లైమేటిక్ రిసెర్చ్ యూనిట్ ఇక్కడే ఉంది. భూమి ఎంత వేడెక్కిందో చెప్పడానికి ప్రపంచమంతా వాడే లెక్కల్లో ఒకటి, ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఆఫీస్‌తో కలిసి వీళ్లు తయారుచేసేదే. ఇదే అసలు యూనివర్సిటీ, మిగతాదంతా పక్కన ఉండేదే అనుకున్నాను. కానీ అంతకు రెండేళ్లు ముందే, 1970లో, కథలు నవలలు రాయడం నేర్పే ఎం.ఏ. ఇక్కడ మొదలైంది. 2017లో నోబెల్ అందుకున్న కజువో ఇషిగురో చదివింది అదే. ఇదే క్యాంపస్‌లో సెయిన్స్‌బరీ సెంటర్ అని పెద్ద ఆర్ట్ మ్యూజియం ఉంది. వాతావరణం లెక్కలు కట్టేవాళ్లూ బొమ్మల గురించి రాసేవాళ్లూ ఒకే క్యాంటీన్ క్యూలో నిలబడతారు. మొదట్లో అది వింతగా ఉండేది, ఇప్పుడు మన దగ్గర ఇలా లేదే అని నిజంగా కుళ్లుగా ఉంటోంది.

ఆవిడ వెళ్లే ఊరు హేజ్‌బ్రా. స్పెల్లింగ్ చూసి నేను హాపిస్‌బర్గ్ అని చదివేవాణ్ని. ఇసుక, బంకమట్టి కలిసిన గట్టు, కింద కెరటం కొడితే పైన ఇళ్లతో సహా జారిపోతుంది. ప్రభుత్వ డబ్బుతో అంచున ఉన్న తొమ్మిది ఇళ్లు కొని పడగొట్టారు గానీ, మామూలుగా సముద్రానికి ఇల్లు పోతే ఇక్కడా పరిహారం లేదు. 2000లో ఒకాయన కుక్కతో నడుస్తుంటే ఆ ఒడ్డునే ఆదిమానవుల చేతిగొడ్డలి దొరికింది. 2013లో అక్కడే దాదాపు ఎనిమిదిన్నర లక్షల ఏళ్ల కిందటి పాదాల ముద్రలు బయటపడ్డాయి. కొద్ది రోజుల్లోనే కెరటాలు చెరిపేశాయి, కానీ అప్పటికే పరిశోధకులు వచ్చి వాటి ఫొటోలు, కొలతలు తీసుకున్నారు.

మా ఒడ్డునా దొరుకుతాయి. తుఫాను తర్వాత ఉప్పాడలో జనం ఇసుక జల్లెడ పట్టి బంగారం నలుసులు ఏరుకుంటారు. మునిగిన గుళ్లవీ ఇళ్లవీ అంటారు. అవి తిన్నగా కంసాలి దగ్గరికి పోతాయి. ఇది చెప్తే ఆవిడేమనుకుంటుందోనని ఆ రోజు చెప్పలేదు, ఆ చెప్పకపోవడమే నాకు ఇప్పుడు ఎక్కువ బాధగా ఉంది. వేట లేని రోజుల్లో ఆ నలుసుతో బియ్యం కొనుక్కునేవాళ్లని మ్యూజియానికి ఎందుకివ్వలేదని ఎవరడుగుతారు? మా వాళ్లకి తెలియక కాదు. ఏ కెరటం ఎప్పుడు గట్టు తింటుందో గాలి చూసి చెప్పే ముసలివాళ్లున్నారు మాకు. వాళ్ల పక్కన కూర్చుని రాసుకోవడానికి జీతమిచ్చి ఒక్కణ్నీ ఎవరూ పంపలేదు, అంతే. పంపితే నేను వెళ్లేవాణ్నా అంటే, వెళ్లేవాణ్ని కాదు, అప్పట్లో నాకు కావలసింది వీసా.

ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. మామ్మ పోయి ఆరేళ్లయింది. "ఇప్పుడవన్నీ ఎందుకురా, భోంచేశావా?" అంది అమ్మ. మళ్లీ అడిగితే కాసేపాగి, "మీ పెద్దత్తకి తెలుస్తాయి, తను ఆ వీధిలోనే పుట్టింది" అంది. పెద్దత్తకి చెవులు సరిగా వినపడవు, ఫోన్‌లో కుదరదు. తమ్ముడు వచ్చే శనివారం వెళ్లి రికార్డు చేస్తానన్నాడు. ఏమేం అడగాలో కాగితం మీద రాసి పంపమన్నాడు. రేపు పొద్దున్నే ఆవిడ దగ్గరికెళ్లి, ఎలా మొదలుపెట్టి అడగాలో కనుక్కోవాలి.