బ్రేక్ నొక్కినందుకు రెండు దెబ్బలు

పోయిన అక్టోబరులో మా ఆవిడా నేనూ లండన్ వెళ్ళి, మా అమ్మాయి దగ్గర రెండు వారాలు ఉండి వచ్చాం. తిరిగొచ్చాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే, టవర్ బ్రిడ్జి చూశారా, రాణిగారి కోట చూశారా అని. చూశాను, బాగున్నాయి. కానీ నేను వెళ్ళింది వాటి కోసం కాదు. నలభై ఏళ్ళ నాటి ఎనిమిది బిట్ల కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చుకుందామని వెళ్ళాను. ఈ సంగతి మా ఆవిడకి విమానం ఎక్కాకే చెప్పాను, దిగిపోయే వీలుండదు కదా అని.

అసలు ఆ పిచ్చి గుంటూరులో, 1986లో మొదలైంది. నేను ఎనిమిదో తరగతి. కేంద్ర ప్రభుత్వం 1984లో క్లాస్ అని ఒక పథకం పెట్టి, దేశమంతా ఏరిన కొన్ని స్కూళ్ళకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు పంపింది. ఇంగ్లండ్‌లో ఎకార్న్ వాళ్ళు చేసిన మిషన్ అది, మన దగ్గర మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్ళు యూనికార్న్ అనే పేరుతో కూడా బిగించేవాళ్ళు. మా స్కూలుకి రెండు వచ్చాయి. వాటికోసం ఒక గది, గదికి తివాచీ, తివాచీ మీద ఏసీ. మొత్తం స్కూల్లో అదొక్కటే ఏసీ, మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమనుషులు అక్కడే కునుకు తీసేవాళ్ళు. మేము మాత్రం చెప్పులు బయట విప్పి, చేతులు కట్టుకుని, వరసలో నిలబడాలి. కంప్యూటర్‌కి మఖమల్ ముసుగు. ముసుగు తీసేది మాస్టారు, టైపు చేసేది మాస్టారు, మేము చూసి నోట్సు రాసుకునేవాళ్ళం.

ఒకసారి మాత్రం నా వంతొచ్చింది. ఎక్కాల ప్రోగ్రామ్ మాస్టారు కొట్టి ఉంచారు, ఇరవై లైన్లుంటుందేమో, నేను రన్ అని కొట్టాలంతే. కానీ ఆ కీబోర్డు పైన ఎర్ర మీటలు పది వరసగా ఉంటాయి, ఎవరికైనా వేలు ఆగుతుందా? వరసంతా తడుముకుంటూ పోయి, ఎర్రవి అయిపోయాక పక్కనే ఉన్నదాన్ని నొక్కాను. దాని పేరు బ్రేక్. తెర తుడిచేసినట్టయింది. ఎక్కాలు పోయాయి. బెత్తంతో కుడి చేతి మీద రెండు. ఆ తర్వాత టెన్త్ అయ్యేదాకా నేను ఆ కీబోర్డు ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు కూడా.

ఇప్పుడు హైదరాబాదులో ఇంట్లో నా దగ్గర పాత మిషన్లు నాలుగున్నాయి. అందులో ఒకటి జుమ్మేరాత్ బజార్‌లో పాత రేడియోల మధ్య దొరికిన స్పెక్ట్రమ్ ప్లస్ అనే ఇంగ్లండ్ కంప్యూటర్, పుణేలో డెసిబెల్స్ వాళ్ళు లైసెన్సు తీసుకుని చేసినది. దాని కీబోర్డు కింద ప్లాస్టిక్ పొర మన ఎండలకి అప్పడంలా విరిగిపోయుంటే కొత్తది వేయించాను. బీబీసీ మైక్రో మాత్రం ఇక్కడ ఎంత వెతికినా దొరకలేదు.

సరే, కేంబ్రిడ్జ్. కింగ్స్ క్రాస్‌లో రైలెక్కితే గంట లోపే. స్టేషన్ నుంచి అరగంట నడిస్తే కోల్డమ్స్ రోడ్డులో సెంటర్ ఫర్ కంప్యూటింగ్ హిస్టరీ అనే మ్యూజియం ఉంది. బయటి నుంచి చూస్తే మన ఆటోనగర్‌లో షెడ్డు లాగే ఉంటుంది, లోపల మాత్రం నాలాంటివాడికి తిరుమల. ఒక గోడ మొత్తం మెగాప్రాసెసర్ అని ఒకాయన విడి ట్రాన్సిస్టర్లతో కట్టిన ప్రాసెసర్ ఉంది, పది మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు, లోపల అంకెలు కదులుతుంటే బల్బులు వెలుగుతాయి. మా ఆవిడ దీపావళి సీరియల్ సెట్టు అంది. ఆవిడకి అదొక్కటే నచ్చింది.

ఇంకో వైపు 1980ల నాటి తరగతి గదిలా బల్లలు వేసి బీబీసీ మైక్రోలు పెట్టారు. అన్నీ ఆన్ చేసి ఉన్నాయి, ముసుగుల్లేవు, తాళ్ళు కట్టలేదు. నేను గుమ్మం దగ్గర ఆగి వంగాను. ఎందుకు వంగానో నాకూ ఒక క్షణం అర్థం కాలేదు, చెయ్యి షూ లేసు మీదుంది. మా అమ్మాయి చూసి "ఏంటి నాన్నా, గుడా?" అంది. లేచి కూర్చున్నాను. కూర్చున్నాక కూడా ఎవరైనా వచ్చి మొదలుపెట్టమంటారేమోనని కాసేపు చూశాను, ఎవరూ రాలేదు. పదో లైనులో ప్రింట్ మా ఊరి పేరు, ఇరవయ్యో లైనులో గోటూ పది, అంటే మళ్ళీ పదికి పో అని, తర్వాత రన్. తెర నిండా గుంటూరు, గుంటూరు, గుంటూరు అని పారుతోంది. పక్క బల్ల మీద ఒక పిల్లాడు రెండు చేతుల్తో అన్ని మీటలూ ఒకేసారి బాదుతున్నాడు, వాడినీ ఎవరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం ఊళ్ళో తిరిగాం. కాలేజీలు, చర్చిలు, నదిలో పడవలు అన్నీ ఫోటోల్లో చూసినట్టే ఉంటాయి, వాటి గురించి రాయను. కింగ్స్ పరేడ్ అని టూరిస్టులంతా ఫోటోలు తీసుకునే వీధిలో, ఆరో నంబరు ఇంట్లో స్పెక్ట్రమ్ తయారుచేసిన క్లైవ్ సింక్లెయిర్ ఆఫీసు ఉండేది. అక్కడి నుంచి నాలుగడుగులేస్తే మార్కెట్ హిల్, అక్కడ 4ఎ నంబరులో ఎకార్న్ మొదలైంది. ఎకార్న్ పెట్టిన ఇద్దరిలో ఒకడైన క్రిస్ కర్రీ అంతకుముందు సింక్లెయిర్ దగ్గర పనిచేసినవాడే, కాబట్టి అచ్చం మన అన్నదమ్ముల వాటాల తగాదా. 1984 క్రిస్మస్ ముందు, ఒక ప్రకటన విషయంలో కోపమొచ్చి, బేరన్ ఆఫ్ బీఫ్ అనే పబ్బులో సింక్లెయిర్ పేపరు చుట్టి కర్రీని కొట్టాడు. ఆ పబ్బు బ్రిడ్జి స్ట్రీట్‌లో ఉంది, బయట నిలబడి ఫోటో తీసుకున్నాను. మా ఆవిడ ఎవరిది ఈ ఇల్లు అని అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు.

బీబీసీ మైక్రో పుట్టుక కూడా అలాంటి కథే. 1981లో బీబీసీ వాళ్ళు జనానికి కంప్యూటర్ నేర్పే టీవీ కార్యక్రమం కోసం మిషన్ వెతుకుతున్నారు, వారంలో నమూనా చూపించాలి. ఎకార్న్‌లో హెర్మన్ హౌజర్ అనే రెండో భాగస్వామి తన ఇంజనీర్లిద్దరిలో సోఫీ విల్సన్‌కి ఫోన్ చేసి వారంలో స్టీవ్ ఫర్బర్ అయిపోతుందన్నాడని, ఫర్బర్‌కి ఫోన్ చేసి విల్సన్ అయిపోతుందన్నారని చెప్పాడు. మన పెళ్ళిళ్ళ పేరయ్య టెక్నిక్ అన్నమాట. పాపం ఇద్దరూ నిద్రలు మాని చేశారు, బీబీసీ వాళ్ళు వచ్చే కొద్ది గంటల ముందు అది పనిచేసింది. పన్నెండు వేలు అమ్ముడైతే గొప్ప అనుకున్నది చివరికి 15 లక్షలు దాటింది.

సాయంత్రం రైలెక్కి ఈలీ వెళ్ళాం, కేంబ్రిడ్జ్ నుంచి పావుగంట. చుట్టూ నీళ్ళు తోడి సాగు చేసిన నేల, మన డెల్టా లాగా చదును, అందుకే ఈలీ కెథీడ్రల్ గోపురం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. నాకు మిషన్ అమ్మిన ఆవిడ అక్కడే ఉంటుంది, రిటైరైన టీచరు. స్కూలు వాళ్ళు పాతవి పారేస్తుంటే ఒకటి ఇంటికి తెచ్చుకుని అటక మీద పెట్టిందట. 70 పౌండ్లు. మోడల్ బి, 32 కిలోబైట్ల మెమరీ, 6502 ప్రాసెసర్. పసుపు రాసినట్టు ఉంది రంగు. ఆ ప్లాస్టిక్‌లో కలిపిన మంట నిరోధకం వల్ల అలా తిరుగుతుంది, పెరాక్సైడ్ పూసి ఎండబెట్టి తెల్లగా చేసేవాళ్ళున్నారు. నేను చెయ్యను, తాతకి జుట్టుకి రంగేసినట్టుంటుంది.

ఆవిడ టీ ఇచ్చి, డబ్బులు లెక్కపెట్టుకోకముందే స్క్రూ డ్రైవర్ తెచ్చింది. మూతకి స్క్రూలు నాలుగు, వెనక రెండు, అడుగున రెండు, ఒక్కోదాని పక్కన ఫిక్స్ అని అచ్చేసి ఉంటుంది, అంటే ఇవి విప్పితే మూత వస్తుంది అని. ఎక్కడ విప్పాలో మిషన్ మీదే రాసి పెట్టిన కంపెనీ ఇంకోటి నేను చూడలేదు. లోపల చిప్పులు చాలావరకు సాకెట్లలో ఉన్నాయి. కుడివైపు మూల ఖాళీ సాకెట్లు చూపించి, వర్డ్ ప్రాసెసర్ చిప్పు వచ్చినప్పుడు దాన్ని ఇందులో బొటనవేలితో నొక్కింది మా క్లాసు పిల్లలే, ఐదో తరగతి వాళ్ళు, అంది. నేను చాయ్ కప్పు కింద పెట్టాను. ఐదో తరగతి!

వెళ్ళేటప్పుడు స్పైరల్ బైండింగ్ చేసిన లావుపాటి యూజర్ గైడ్ కూడా చేతిలో పెట్టింది. రైల్లో తిరగేస్తున్నాను. ఆదేశాలన్నీ అక్షర క్రమంలో ఉన్నాయి. అందులో ఓల్డ్ అని ఒకటి. పొరపాటున బ్రేక్ నొక్కినా, న్యూ అని కొట్టినా, ఓల్డ్ అని కొడితే ప్రోగ్రామ్ తిరిగి వస్తుంది, ఈలోగా కొత్తగా ఏమీ టైపు చేయకపోతే చాలు. మెమరీలో అది చెరిగిపోదు, మొదట్లో ఒక గుర్తు మారుతుందంతే, ఓల్డ్ ఆ గుర్తుని సరిచేస్తుంది. రెండుసార్లు చదివాను. మూడక్షరాలు, ఒక రిటర్న్. మా మాస్టారిది తప్పని అనను, లెక్కల మాస్టారికి కొద్ది రోజుల ట్రైనింగ్ ఇచ్చి మిషన్ అప్పగించారు, ఆయనకి ఈ పుస్తకం ఇచ్చారో లేదో, ఇచ్చినా బీరువాలో పెట్టి తాళం వేశారో. అయినా చెయ్యి మాత్రం చురుక్కుమంది.

ఆ రాత్రే తప్పు పని చేశాను. ఈ మిషన్ కొన్నవాడు ముందు చేయాల్సింది పవర్ సప్లై విప్పి అందులో కరెంటు వచ్చే చోట ఉన్న రెండు ఫిల్టర్ కెపాసిటర్లు మార్చడం. రిఫా అనే రకం, లోపల కాగితం, పైన తేనె రంగు గట్టి పూత. ఏళ్ళు గడిచేకొద్దీ పూత మీద సన్నని పగుళ్ళొస్తాయి, వాటిలోంచి గాలిలో తేమ దిగుతుంది, కరెంటు తగలగానే టప్పున పేలుతుంది. ఇదంతా నాకు తెలుసు. పదిమందికి చెప్పినవాణ్ణి. కానీ ఒక్కసారి, ఒక్క నిమిషం ఆన్ చేసి చూద్దాం అనిపించింది. అమ్మాయి టీవీకి తగిలించాను. మొదట లావుగా ఒకటి, తర్వాత సన్నగా ఒకటి, ఆ రెండు బీప్‌లు వినిపించాయి. బీబీసీ కంప్యూటర్ 32కె, కింద బేసిక్ అని, అంటే అందులో ప్రోగ్రాములు రాసే భాష పేరు, వచ్చింది. ఒక నిమిషం కాస్తా పావుగంట అయింది. టప్. తెల్లటి పొగ, మాడిన చేపల వాసన, సీలింగుకి ఉన్న స్మోక్ అలారం ఊళ్ళో వాళ్ళందరికీ వినిపించేలా అరుపు. అమ్మాయి టవల్ ఊపుతోంది, మా ఆవిడ కిటికీలు తీస్తూ నన్ను ఏమనాలో అవన్నీ అంటోంది. విచిత్రం ఏంటంటే తెర మీద బేసిక్ అలాగే ఉంది. ఆ కెపాసిటర్ పని బయటి లైన్లోకి గోల వెళ్ళకుండా ఆపడమే, అది పోయినా మిషన్ నడుస్తుంది. ఆ మాట చెబుదామనుకుని ఎందుకులే అని ఊరుకున్నాను.

రెండు రోజుల్లో సామాన్లు తెప్పించాను. ఎక్స్2 రకం కెపాసిటర్లు రెండు, చిన్న సోల్డరింగ్ ఐరన్. పాతవాటిని తీసి కిటికీ దగ్గర పట్టుకుని చూస్తే ఒకటి చీలిపోయి లోపల కాగితం బొగ్గయింది, రెండోది ఇంకా పేలలేదు కానీ ఒళ్ళంతా ఎండిన చెరువు నేలలా పగుళ్ళు. తర్వాత రంగు. దీని వీడియో సాకెట్ నలుపు తెలుపులోనే ఇస్తుంది, బోర్డు మీద ఎస్39 అని రాసిన చోట రెండు చుక్కల్ని కలిపి సీసం పెడితే రంగొస్తుంది. అర నిమిషం పని.

ఇక అసలు అప్‌గ్రేడ్. ప్రోగ్రాములు దాచుకునే క్యాసెట్లతో నేను పడలేను, కాబట్టి ఎస్‌డీ కార్డు పెట్టే చిన్న బోర్డు తీసుకున్నాను, అది అడుగున యూజర్ పోర్టుకి తగులుతుంది. కార్డుని ఫ్లాపీలా చూపించే ఎంఎంఎఫ్ఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న చిప్పు ఆ ఖాళీ సాకెట్లో వేయాలి. ఒక్క కార్డులో 511 ఫ్లాపీలు పడతాయి, మా స్కూలు మొత్తం మీద అన్ని ఫ్లాపీలు లేవు. చిప్పు కొత్తగా వచ్చినప్పుడు కాళ్ళు కాస్త వెడల్పుగా ఉంటాయి, బల్ల మీద పక్కకి పెట్టి మెల్లగా వంచి, గాడి ఏవైపుందో పక్క చిప్పుని చూసి, అప్పుడు నొక్కాలి. నేను నొక్కాను, ఒక కాలు కిందకి మడిచింది. మా అమ్మాయి కనుబొమలు తీసుకునే పట్టకారుతో దాన్ని నిటారుగా చేసి మళ్ళీ పెట్టాను. ఐదో తరగతి పిల్లలకి మడవలేదేమో మరి.

ఇంకా అడుగున ట్యూబ్ అనే సాకెట్ ఉంది, రెండో ప్రాసెసర్ తగిలించడానికి. ఎకార్న్ వాళ్ళు ఆర్మ్ అనే తమ సొంత ప్రాసెసర్ చిప్పుని 1985లో మొదటిసారి నడిపించింది బీబీసీ మైక్రో పక్కన పెట్టుకునే. ఇప్పుడు జనం అక్కడ రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్ తగిలిస్తున్నారు, అందులో ఉన్నది ఆర్మే, అదీ కేంబ్రిడ్జ్‌దే. నాది ఇంకా కాలేదు, సంక్రాంతికి అనుకుంటున్నాను.

తిరుగు ప్రయాణంలో పెట్టె బరువు సమస్య రాలేదు. వెళ్ళేటప్పుడు గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు నింపుకెళ్ళిన సూట్‌కేసు ఖాళీ. అయినా దాన్ని లగేజీలో వేయడానికి మనసొప్పక, టవల్ చుట్టి చేతి సంచిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మనదీ వాళ్ళదీ ఒకే కరెంటు, 230 వోల్టులు, కాబట్టి ప్లగ్గు మారిస్తే సరి. శంషాబాదులో సంచి విప్పించిన కస్టమ్స్ కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి "ఏంటి సార్ ఇది, టైప్‌రైటరా?" అన్నాడు. అలాంటిదే బాబూ అన్నాను.

మర్నాడు పొద్దున్నే, ఇంకా జెట్ లాగ్ తీరకముందే, హాల్లో టీవీకి తగిలించాను. మా ఆవిడ కాఫీ కప్పుతో కాస్త దూరంగానే కూర్చుంది, పొగ వస్తే లేచిపోవడానికి వీలుగా. గుర్తున్నంతవరకు ఆ ఎక్కాల ప్రోగ్రామ్ కొట్టాను, ఇరవై లైన్లు కాలేదు, తొమ్మిదికే అయిపోయింది. రన్ చేశాను, పన్నెండో ఎక్కం వచ్చింది. అప్పుడు ఎర్ర మీటల చివరికి వెళ్ళి బ్రేక్ నొక్కాను. తెర తుడిచేసినట్టయింది.

"పోయిందా?" అంది మా ఆవిడ.

ఓల్డ్, రిటర్న్. లిస్ట్, రిటర్న్. తొమ్మిది లైన్లూ వరసగా వచ్చాయి.