ఫ్యాన్ కింద నార్మండీ: నేను ఏఎస్ఎల్ నేర్చుకున్న తీరు

రెండో ప్రపంచ యుద్ధంలో పదాతి దళాలు, ట్యాంకులు వీధివీధికీ ఎలా తలపడ్డాయో బోర్డు మీద ఆడించే ఆట అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ (ఏఎస్ఎల్). 1985లో వచ్చింది. దాని రూల్స్ లావుపాటి రింగుల ఫైల్లో ఉంటాయి, చూస్తే సీఏ పరీక్ష గుర్తొస్తుంది. అందుకే నేను 2004 నాటి మొదటి స్టార్టర్ కిట్‌తో మొదలుపెట్టాను. అందులో ట్యాంకులు లేవు, సైనికులే. డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారబ్బాయి సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. ఇంటికొకరు అమెరికాలో ఉన్న మా జిల్లాల్లో కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

కౌంటర్లు, అంటే సైనికులకు గుర్తుగా పెట్టే బిళ్లలు, అరంగుళం అట్టముక్కలు. మూలలు గోళ్ల కత్తెరతో కత్తిరించుకోవాలి, లేకపోతే పేర్చినప్పుడు ఒకదానికొకటి పట్టుకుంటాయి. మ్యాప్ మడతలు లేస్తుంటే గవర్నర్‌పేటలో యాక్రిలిక్ షీట్ కోయించి పైన పరిచాను. బెజవాడ ఎండల్లో ఫ్యాన్ ఆపి ఆడటం కుదిరే పని కాదు మరి.

ఉయ్యూరు నుంచి మా బావమరిది ఆదివారాలు వచ్చేవాడు. రూల్స్ మొత్తం చదివాక ఆడదాం అనుకుంటే ఎప్పటికీ ఆడం. అందుకని ముందు కౌంటర్ మీద అంకెలు చదవడం నేర్చుకున్నాం. ఫ్రాన్స్‌లోని నార్మండీలో పారాచూట్లతో దిగిన అమెరికన్ పారాట్రూపర్ల మీద 7-4-7 అని ఉంటుంది: కాల్పుల బలం ఏడు, పూర్తి బలంతో కాల్చగల దూరం నాలుగు గళ్లు, ధైర్యం ఏడు. జర్మన్లకు 4-6-7. ఒక్కో గడి 40 మీటర్లు. అంటే అమెరికన్లు దగ్గరికి చొచ్చుకుపోవాలి, జర్మన్లు వాళ్లను దూరంగానే ఆపాలి. రెండు కౌంటర్లు పక్కపక్కన పెడితే వ్యూహం సగం అర్థమైపోతుంది.

అసలు మజా ఎక్కడంటే, నేను నడుస్తుండగానే వాడు కాల్చొచ్చు. చదరంగంలో లాగా మన వంతు అయ్యేదాకా ఎదుటివాడు చేతులు కట్టుకుని కూర్చోడు. నేను ఒక స్క్వాడ్‌ను, అంటే కొందరు సైనికుల జట్టును, రోడ్డు దాటించాను. వాడి మెషిన్ గన్ రాతి ఇంట్లో ఉంది.

"కాల్చరా."

"ఇది ఎర బావా. వెనకున్న లీడర్ కదలనీ."

నిజంగానే కాల్చలేదు. లీడర్‌తో పాటు రెండు స్క్వాడ్లు ఒకే గడిలోంచి బయటికి రాగానే కాల్చాడు. బయలులో నడుస్తున్నవాళ్ల మీద కాలిస్తే పాచికల మొత్తంలోంచి రెండు తీసేస్తారు, ఎంత తక్కువ పడితే అంత దెబ్బ. పైగా కలిసి కదిలే అందరికీ తగులుతుంది. ధైర్యం ఏడు ఉన్న స్క్వాడ్ నిలబడాలంటే రెండు పాచికల మీద ఏడు గానీ అంతకన్నా తక్కువ గానీ పడాలి, అంటే 36లో 21 అవకాశాలు. నావి రెండూ చెదిరిపోయాయి.

గొడవలన్నీ దారం దగ్గరే. ఈ గడి మధ్య చుక్క నుంచి ఆ గడి చుక్కకు దారం లాగి, మధ్యలో ఇల్లు అడ్డొస్తే గురి లేనట్టే. కానీ కాలుస్తున్నానని చెప్పాకే దారం లాగాలి. ఆ రెండు సెకన్ల టెన్షన్ కోసమైనా ఆడొచ్చు.

ట్యాంకులున్న మూడో కిట్ (2007) తర్వాత తెప్పించాం. అక్కడ రెండు మెట్లు: ముందు గుండు తగిలిందా, తగిలితే కవచం చీలిందా. పక్క కవచం పలచన కాబట్టి, పక్క నుంచి కొట్టడానికి ఎందుకంత తిప్పలు పడతారో రెండో మెట్టులో తెలుస్తుంది.

ఇప్పుడు వాడు 1965 సెప్టెంబరులో పంజాబ్‌లో పాకిస్తాన్‌తో జరిగిన అసల్ ఉత్తర్ యుద్ధాన్ని చార్ట్ పేపర్ మీద గీస్తున్నాడు. అక్కడ మనవాళ్లు పొలాలకు నీళ్లు వదిలారు, పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు బురదలో దిగబడ్డాయి, మన ట్యాంకులు చెరకు తోటల్లో మాటు వేశాయి. చెరకు గడి చూపును పూర్తిగా ఆపాలా, పాచికకు ఒకటి కలిపితే చాలా అన్నది తేలక చెరకు వేసే మామయ్యగారికి ఫోన్ చేశాం. సెప్టెంబరుకి మనిషి మునుగుతాడని చెప్పారు. ప్యాటన్ ఎత్తు మూడు మీటర్ల పైమాటే, కాబట్టి ఒకటి కలపడమే సరి అని నేను. వాడు ఒప్పుకోవట్లేదు.