ప్రీయాంప్ కొన్నాను, రోగం మాత్రం కరెంటు స్తంభం మీద ఉంది

నిన్న మధ్యాహ్నం లైన్‌మన్ అన్న స్తంభం దిగాడు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ ఛార్జ్ చేయించేదాకా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కరెంటు రాగానే ఇంట్లోకి పరిగెత్తి నా హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని, సరదాగా దూరదూరాలవాళ్లతో మాట్లాడుకునే రేడియో) ముందు కూర్చున్నాను. వచ్చే సిగ్నల్, మోత ఎంత బలంగా ఉన్నాయో చూపించే ఎస్ మీటర్ ముల్లు 3 దగ్గర నిలబడింది. నాలుగు నెలలుగా వానపడితే తప్ప 8 దిగని ముల్లు అది. ఆ సంతోషం చల్లారకముందే రాస్తున్నాను.

లైసెన్సు, రేడియో, డాబా మీద 40 మీటర్ల బ్యాండ్‌కి (అంటే 7 మెగాహెర్ట్జ్‌కి) తిరగేసిన V ఆకారంలో కట్టిన తీగ యాంటెన్నా, ఇవన్నీ కాస్త ఓపిక పడితే అయిపోయాయి. చిక్కు వినడం దగ్గర వచ్చింది. పొద్దున్నే 7 మెగాహెర్ట్జ్ నెట్‌లో (హామ్‌లంతా ఒకే చోట కలిసి మాట్లాడుకునే వేళ) అందరూ అందరితో మాట్లాడుకుంటుంటే నాకు మాత్రం గుర్ర్‌ర్ మనే మోత. రేడియోలో ఉన్న ప్రీయాంప్ (వచ్చే సిగ్నల్‌ను పెంచేది) చాలదేమో అనుకున్నాను. అమ్మినాయన కూడా "ఇది పెడితే గోడ అవతలి గుసగుస కూడా వినిపిస్తుంది సార్" అన్నాడు. మూడు వేలు పోసి బయట తగిలించే 20 డెసిబెల్ ప్రీయాంప్ కొన్నాను. ఎస్ మీటర్ మీద ఒక అంకె, అంటే ఒక ఎస్ యూనిట్, 6 డెసిబెల్. దాంతో ఎస్8 దగ్గరున్న నాయిస్ ఎస్9 దాటి ఇంకో 14 డెసిబెల్ పైకి పోయింది. మనుషుల గొంతులూ సరిగ్గా అంతే పెరిగాయి. అర్థమయ్యే మాటలు ఒక్కటీ పెరగలేదు. పైగా సాయంత్రమైతే 7.2 మెగాహెర్ట్జ్ పైనుండే షార్ట్‌వేవ్ ప్రసార కేంద్రాల బలానికి ఆ ప్రీయాంప్ తట్టుకోలేక, బ్యాండ్ మీద లేని స్టేషన్ల దెయ్యాలు వినిపించేవి.

మా సీనియర్ ఒకాయన నెట్‌లోనే అడిగారు, "బాబూ, యాంటెన్నా కేబుల్ పీకితే మోత తగ్గుతోందా?" పీకాను. నిశ్శబ్దం. మళ్లీ పెట్టాను, మోత. "అయితే నీ రేడియో చెవులు బాగానే ఉన్నాయి. బయట ఉన్న నాయిస్‌నే అది వింటోంది. ఇక దాన్ని ఎంత పెంచినా లాభం లేదు" అన్నారు. ప్రీయాంప్ కొనేముందు ఈ ఒక్క పరీక్ష చేయండి, డబ్బులు మిగులుతాయి.

అలాగని ప్రీయాంప్ దండగ వస్తువేం కాదు. 435 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల శాటిలైట్లు వినేవాళ్లకు అది ప్రాణం. అక్కడ బయటి నాయిస్ తక్కువ, సన్న కేబుల్‌లో నష్టపోయే సిగ్నల్ ఎక్కువ. అందుకని దాన్ని డాబా మీద యాంటెన్నా పక్కనే పెట్టాలి. కేబుల్‌లో పోయాక గదిలో పెంచితే పోయింది తిరిగి రాదు. మధ్యలో రిలే (మాట్లాడేటప్పుడు ప్రీయాంప్‌ను పక్కకు తప్పించే స్విచ్) లేకుండా దాని గుండా ట్రాన్స్‌మిట్ చేస్తే మాత్రం కాలిపోతుంది, జాగ్రత్త.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను మెయిన్ ఆపేసి, రేడియోని బ్యాటరీ మీద పెట్టి, ఎంసీబీలు ఒక్కొక్కటే వేసుకుంటూ ఒక ఆదివారంలో పట్టేశాను. దేవుడి గదిలో ఎల్‌ఈడీ దండ ఒకటి, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్ ఇంకొకటి. రెండూ మార్చాను. కేబుల్‌ను ఫెర్రైట్ రింగు (మోతను అడ్డుకునే అయస్కాంత పదార్థపు ఉంగరం) చుట్టూ పది చుట్లు తిప్పాను. బుసబుస పోయింది, గుర్ర్‌ర్ పోలేదు. వానపడితే ఆగేది, ఎండ కాస్తే మళ్లీ మొదలు. ఇది 11 కేవీ లైన్ పనే. వదులైన చోట సెకనుకు వందసార్లు చిన్న నిప్పురవ్వ లేస్తుంది, తడిస్తే ఆ సందు కలిసిపోయి ఆగుతుంది.

ఇక కరెంటాఫీసు. మొదటిరోజు కౌంటర్ దగ్గర పదిమంది ముందు ఆయన అడిగిన ప్రశ్నలు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

"ఫ్యాన్ తిరుగుతోందా?"

"తిరుగుతోందండి."

"లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోందండి."

"మరి కంప్లైంట్ దేనికి? పాటలు ఫోన్లో వినండి."

వెనకాల నవ్వులు. రెండోసారి వెళ్తే, "యాంటెన్నా కట్టడానికి పర్మిషన్ ఉందా? పోలీసులకు చెప్పమంటారా?" అన్నారు. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చూడలేదు. రిజిస్టర్‌లో నా పేరు పక్కన ఏం రాశారో తల వంచి చదివాను: "రేడియో రిపేరు". మార్చమని అడిగాను, మార్చలేదు. మూడోసారి వెళ్లేలోపే సమస్య పరిష్కరించామని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, అండమాన్‌లో ఉన్న భారతీ ప్రసాద్‌గారి హామ్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి రేడియోలోనే కబుర్లు అందించింది. ఫోన్లు మూగబోయిన రోజున పనికొచ్చేది ఇదే. ఆ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

చివరికి పని జరిగింది లైన్‌మన్ అన్న వల్ల. ముందు చిన్న ట్రాన్సిస్టర్‌తో వెతికాను. మోత తీగ వెంబడి పాకుతుంది కాబట్టి ప్రతి స్తంభం కిందా అరిచింది. విమానాల బ్యాండ్ ఏఎమ్‌లో వినే చేతి రిసీవర్ అడిగి తెచ్చుకుని 120 మెగాహెర్ట్జ్ దగ్గర వింటే, అక్కడ మోత తీగ వెంబడి అంత దూరం పాకదు కాబట్టి ఒక్క స్తంభమే మిగిలింది. అన్నను బతిమాలి అక్కడికి తీసుకెళ్లి ఇయర్‌ఫోన్ ఇచ్చాను. రెండు క్షణాలు విని తల పైకెత్తాడు. "స్పార్కు కదా బాబూ ఇది!" అన్నాడు. నిన్న ఎల్‌సీ (లైన్ ఆపించి పని చేసే అనుమతి) తీసుకుని ఎక్కి చూస్తే, తీగను పట్టి ఉంచే పిన్ ఇన్సులేటర్ మీద బైండింగ్ తీగ వదులై నల్లగా కాలి ఉంది. ఇంకొన్నాళ్లుంటే లైనే జారేదన్నాడు.

మీకూ ఇదే బాధైతే అర్జీలో "రేడియో" అన్న మాట రాయకండి. స్తంభం నంబరు వేసి "స్పార్కు వస్తోంది" అని రాయండి. స్తంభాన్ని కొట్టడం, స్టే వైరు (స్తంభాన్ని పక్కకు లాగి కట్టిన తీగ) ఊపడం లాంటి సలహాలు ఎవరిచ్చినా వినకండి, ప్రాణాలు పోతాయి.

ఈ పొద్దున నెట్‌లో ఎవరో 5 వాట్లతో పిలుస్తున్నారు. నెట్ కంట్రోల్‌కు (నెట్‌ను నడిపించే ఆయనకు) అందలేదు. నాకు ప్రీయాంప్ ఆపేసి ఉండగానే పేరూ ఊరూ స్పష్టంగా వినిపించాయి. మైక్ నొక్కి, పిలిచినాయన మాటలు నేను నెట్ కంట్రోల్‌కు అందించాను.