ఏనుగుతో కొట్టాలా, రాజును జరపాలా?

చదరంగం పజిల్ అనగానే పిల్లల చూపు దాడి మీదే ఉంటుంది. మా అమ్మాయికీ, నాకూ అసలు వాదన మొదలయ్యేది మాత్రం ఎదుటివాడు ఎలా కాచుకోవాలన్న దగ్గర.

ఈ మధ్య చేసిన పజిలే చూడండి. నల్లరాజు హెచ్8 మూలలో ఉన్నాడు (అక్షరం నిలువు వరసను, అంకె అడ్డ వరసను చెబుతుంది). జీ7, హెచ్7లో బంట్లు, ఎఫ్8లో ఏనుగు, డీ8లో మంత్రి. తెల్లమంత్రి సీ4లో, గుర్రం జీ5లో. గుర్రం ఎఫ్7కు దూకి చెక్ చెబుతుంది. రాజు జీ8కు జరిగితే గుర్రం హెచ్6కు పోతుంది. ఇప్పుడు గుర్రం, మంత్రి రెండూ ఒకేసారి చెక్. రాజు మళ్ళీ మూలకే వెళ్ళాలి. అప్పుడు తెల్లమంత్రి జీ8లోకి వెళ్ళి బలి అవుతుంది. ఏనుగు కొట్టక తప్పదు. గుర్రం ఎఫ్7కు తిరిగొచ్చి మేట్, అంటే ఆటకట్టు. ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడార్ పేరుతో ప్రసిద్ధమైన ఈ ఎత్తుల వరస, స్పెయిన్‌కు చెందిన లూసేనా 1497లో రాసిన చదరంగం పుస్తకంలోనే ఉంది. ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు పులకరిస్తుంది.

పజిల్ ఇచ్చిన జవాబు కూడా ఇదే. కానీ మా అమ్మాయి ఒప్పుకోలేదు. "నల్లవైపు నేనుంటే రాజును ఎందుకు జరుపుతానమ్మా? ఏనుగుతో గుర్రాన్ని కొడతా. నీ మంత్రి నా ఏనుగును కొడుతుంది. ఏనుగు విలువ అయిదు పాయింట్లు, గుర్రానిది మూడు; అయిదు పోయి మూడొచ్చాయి. వెనక వరసను నా మంత్రి కాస్తోంది కాబట్టి వెంటనే మేట్ లేదు. మంచి డిఫెన్స్ వదిలేసి జవాబు ఎలా చూపిస్తారు?"

తెల్లకు మొదటి ఎత్తు ఎలాగూ గుర్రం ఎఫ్7కు దూకడమే కదా అన్నాను. అయినా ఆమె పట్టు న్యాయమైనదే. ఎదుటివాడు గట్టిగా ఆడినా నిలిచేదే జవాబు. మేట్ ఎంత అందంగా ఉన్నా అది పక్కదారే.

బడిలో ఏం జరిగిందని అడిగితే ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి ఊరుకునే పిల్ల, బోర్డు ముందు ఇంత తెలుగు మాట్లాడుతుంది. నన్ను ఒప్పించాలి కదా మరి! మేం పెరిగిన ఇళ్ళలో పెద్దలకు ఎదురు చెప్పడం తప్పు. ఇప్పుడు మా అమ్మాయి చదివే బడిలో కారణం చూపి కాదనమని నేర్పుతారు. రెండింటిలో నాకు ఇదే నచ్చింది, ఆ వాదన తెలుగులో జరిగితే ఇంకా ఇష్టం.

వీడియోకాల్‌లో మా నాన్నకు ఇదే పొజిషన్ చూపిస్తే, రాజును జరపమన్నారు. "వద్దు తాతయ్యా, ఇంకో మూడు ఎత్తుల్లో మేట్" అని ఒక్కో ఎత్తూ ఆడి చూపించింది. ఆయన ఒప్పుకున్నారు గానీ, ఏనుగు పోయాక ఎంతసేపు నిలబడతావో చూస్తానని తెల్లవైపు తీసుకున్నారు. ఆ ఆట ఇంకా నడుస్తోంది.