స్టేషన్ దిగాక ఆ అరకిలోమీటరు

"ఇక్కడ కారెందుకు?" సింగపూర్‌కి ఉద్యోగానికి కొత్తగా వచ్చిన మనవాళ్ళు కారు ఊసెత్తితే ఆఫీసులో ఎదురయ్యే ప్రశ్న ఇది. మనసు చివుక్కుమంటుంది, మన స్తోమతని శంకిస్తున్నారేమోనని. కానీ అడిగినవాళ్ళలో మనకంటే పెద్ద జీతగాళ్ళుంటారు, వాళ్ళూ ఇక్కడి మెట్రో రైలు ఎంఆర్‌టీలోనే వస్తారు.

మనలో చాలామంది దీనికి సీఓఈ అనే కారు పర్మిట్‌నే కారణంగా చెబుతారు. 1990 నుంచి ఇక్కడ కారు కొనాలంటే ముందు వేలంలో ఆ పర్మిట్ పాడుకోవాలి. పదేళ్ళకి దాని గడువు తీరిపోతుంది. 2023లో చిన్న కార్ల పర్మిటే లక్ష సింగపూర్ డాలర్లు దాటింది, కారు ఖరీదు వేరే. అంత డబ్బు లేక కారు మానుకున్నవాళ్ళు ఉంటారు, కాదనను. అయితే గతిలేక బస్సెక్కినవాడు రోజూ తిట్టుకుంటూ ఎక్కుతాడు. ఇక్కడ ఆ విసుగు కనిపించదు.

ఎందుకంటే, ముందు చెప్పాల్సింది నడిచే దారికి వేసిన కప్పు గురించి. 2013లో మొదలుపెట్టిన పథకం కింద ఎంఆర్‌టీ స్టేషన్‌కి 400 మీటర్ల లోపున్న ఇళ్ళకీ, బడులకీ, ఆఫీసులకీ కప్పున్న దారులు వేసుకుంటూ పోయారు. కుండపోతగా కురుస్తున్నా ఇస్త్రీ చొక్కా నలగకుండా స్టేషన్ చేరొచ్చు.

తర్వాత ఛార్జీ. బస్సు దిగి రైలెక్కితే లెక్క మళ్ళీ మొదటికి రాదు, మొత్తం దూరానికే పడుతుంది. ఒకటి దిగిన 45 నిమిషాల్లో ఇంకోటి ఎక్కాలి, అంతా కలిపి రెండు గంటల్లో ఐదుసార్ల వరకు మారొచ్చు, దిగిన నంబరు బస్సే వెంటనే మళ్ళీ ఎక్కకూడదు. కొత్తవాళ్ళకి డబ్బు పోయేది కార్డు దగ్గర. బస్సు దిగేటప్పుడు దాన్ని మెషీన్‌కి ఆనించడం మరిచిపోతే చివరి స్టాపు దాకా ఛార్జీ పడుతుంది. ఎక్కేటప్పుడు ఫోను, దిగేటప్పుడు కార్డు ఆనించినా అంతే. ఫోన్లో ఉన్నదీ పర్సులో ఉన్నదీ ఒకే బ్యాంకు కార్డైనా, మెషీన్ వాటిని వేర్వేరుగానే చూస్తుంది.

మనవాళ్ళకి కారు మోజని తీసిపారేస్తే మాత్రం నేను ఒప్పుకోను. హైదరాబాద్ మెట్రో, రైల్లో ఉన్నంతసేపూ ఎవరికీ తీసిపోదు. చిక్కంతా మెట్లు దిగాకే. ఫుట్‌పాత్ మీద బళ్ళు, ఆటోతో బేరం, వానొస్తే మోకాలి లోతు నీళ్ళు. ఆ అరకిలోమీటరుకి జడిసే ఇంటి దగ్గరే బండి తీస్తారు. తీశాక ఇక స్టేషన్ దగ్గర ఆపి రైలెక్కే ఓపిక ఎవరికుంటుంది? కప్పున్న నడకదారి వెయ్యడానికి మెట్రో లైనుకైనంత ఖర్చూ కాదు, అన్నేళ్ళూ పట్టదు.