మా ఇంట్లో మూడు కౌంట్లు

కిందటేడు కార్తీకంలో వానలు పడుతున్నప్పుడు మా తమ్ముడికి డెంగీ వచ్చింది. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. మూడోరోజుకి ప్లేట్‌లెట్లు నలభై వేలకి దిగాయి. వార్డు బయట వరండాలో నేను, మా ఆయన, అమ్మ, ఇంకో నలుగురైదుగురు రోగుల తాలూకు వాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నాం. అప్పుడే మా ఆయనకి గుంటల దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆయనకి ఫోన్‌లో మెల్లగా మాట్లాడటం చేతకాదు.

"కౌంటు నలభైకి దిగిందా? సూపర్! ఇంకేం, తెల్లారి పట్టేద్దాం. ఐసుకి చెప్పేయ్" అన్నాడు.

వరండా అంతా ఆయన వైపు తిరిగింది. ఐసు మాట వినగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అత్తా, అది రొయ్యల కౌంటు" అని ఆయన రెండుసార్లు చెప్పాక గానీ ఊపిరి తీసుకోలేదు.

తప్పు ఆయనదే అనలేను. మా ఇంట్లో ఆ మాట ముగ్గురిది. మా ఆయనకి ఇందుకూరుపేట మండలంలో రొయ్యల గుంటలున్నాయి. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, రోజంతా రక్తంలో కౌంట్లు చూడటమే నా పని. అమ్మ వెంకటగిరిలో మగ్గాల ఇంట్లో పుట్టింది, ఆమెకి కౌంటంటే నూలు.

రొయ్యల కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. వంద కౌంటంటే ఒక్కోటి పది గ్రాములు, నలభై కౌంటంటే ఇరవై అయిదు. అంకె దిగేకొద్దీ రేటు ఎక్కుతుంది. మా మామగారు టైగర్ రొయ్య వేసిన కాలంలోనూ ఇదే లెక్క. 1990ల మధ్యలో వైట్‌స్పాట్ తెగులుకి ఆ టైగర్ దెబ్బతింది, 2009లో వనామీ అనే ఇంకో రకం రొయ్యకి అనుమతి వచ్చింది. రొయ్య మారింది గానీ కౌంటు మారలేదు.

వారానికోసారి మా ఆయన విసురు వల వేసి కౌంటు చూస్తాడు. ఒక్కచోట వేస్తే నమ్మడు. గట్టు దగ్గర ఒకటి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ పక్కన ఒకటి, అవతలి మూలన ఇంకోటి. అసలు గొడవంతా పట్టుబడి రోజు, అంటే గుంటలో రొయ్యలన్నీ పట్టి అమ్మే రోజు. కొనేవాళ్ల కుర్రాడు ట్రేలో చిన్నవి ఎక్కువ పడేటట్టు తోడతాడు, మా ఆయన పెద్దవి ఉన్న చోట తోడమంటాడు. ఒకసారి మేము నలభై రెండంటే వాళ్లు నలభై అయిదన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి, లారీలో ఐసు కరిగిపోతుంటే, ఎంతసేపని వాదిస్తాం? నలభై అయిదుకే ఒప్పుకున్నాం. ఆ మూడు కౌంట్లలో ఎన్ని మేత బస్తాల డబ్బు పోయిందో ఆయన ఇప్పటికీ చెబుతూనే ఉంటాడు.

ఒకసారి ఎగుమతికి వాడే అట్టపెట్టె ఒకటి ఇంటికొచ్చింది. దాని మీద 21/25 అని ఉంది. "ఇంత పెద్ద రొయ్య మన జన్మలో తీయలేదే" అని ఆయన కాసేపు దిగులుపడ్డాడు. తీరా చూస్తే అది కిలో లెక్క కాదు, పౌండు లెక్క, అదీ తల తీశాక. తలతో పాటు బరువులో మూడో వంతు పైగానే పోతుంది. లెక్క వేసుకుంటే మన ముప్పై కౌంటు రొయ్యే అక్కడికి పోయి దాదాపు ఇరవై ఒకటి అవుతోంది.

పౌండు అనగానే అమ్మ అందుకుంది. నూలు కౌంటు కూడా పౌండు మీదే కదా అని. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌండు తూగుతాయో, ఆ నూలు అన్ని కౌంటు. వెంకటగిరి చీరకి వాడే వంద కౌంటు నూలంటే పౌండులో 84,000 గజాలన్నమాట, దాదాపు 77 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి కావలి దాకా లాగినా ఇంకా మిగులుతుంది. ఇక్కడ అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, ధర పెరుగుతుంది. అమ్మకి ఈ గజాల లెక్క అక్కర్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చీర చెంగు ఒక్కసారి నలిపి, "వందా? ఎనభై కూడా లేదు" అని కొట్టువాడి ముందే అనేస్తుంది. నాకు తలవంపులు.

నా కౌంటుకి మాత్రం ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాలి. మెషీన్ ఇచ్చిన అంకెని నేను కళ్లు మూసుకుని నమ్మను. రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే మందు వల్లే కొందరి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మెషీన్ ఆ గుంపుని లెక్కలోకి సరిగ్గా తీసుకోదు, తక్కువ చూపిస్తుంది. అందుకే అనుమానం వస్తే స్లైడు మీద రక్తం పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో ఒక చోట కాదు, పది చోట్ల చూస్తాను. ఊదారంగు చుక్కలు విడివిడిగా ఉన్నాయా, గుత్తుల్లా ఉన్నాయా అని. మా తమ్ముడి స్లైడు కూడా అడిగి చూశాను. గుత్తుల్లేవు. నలభై వేలన్నది నిజమే. జ్వరం తగ్గిన రెండు రోజులకి దానంతటదే లేచింది. పేరు మాత్రం అమ్మ తెచ్చిన బొప్పాయి ఆకు రసానికి దక్కింది. నేనేం మాట్లాడలేదు.

యూరప్‌లో జమీందారు లాంటివాళ్లకి కౌంట్ అని బిరుదు ఉండేదట. ఆ మాటకీ మా లెక్కలకీ చుట్టరికం లేదు. అది తోడుండేవాడు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మన కౌంటు వచ్చింది లెక్కపెట్టడం అనే మాట నుంచి. కంప్యూటరూ దాని చుట్టమే. ఇది విని మా ఆయన, "ఆ మొదటి కౌంటే నయం, పట్టుబడి రోజు ఒక్కడన్నా తోడుంటాడు" అన్నాడు.

రేపు మళ్లీ వల వేస్తున్నాం. పోయిన వారం కౌంటు యాభై రెండు. ఇందాక అమ్మ ఫోన్ చేసి, "ఏమ్మా, కౌంటు పెరిగిందా?" అంది.

"తగ్గాలమ్మా" అన్నాను.